శుక్రవారం ఆగిపోయే కంప్యూటర్

"ఇది అక్కర్లేదు," అంటూ అఫ్రాజ్ స్పీకర్ల మీద గీత పెట్టాడు. "ఇదీ అక్కర్లేదు," అంటూ మోడెమ్ మీద కూడా పెట్టాడు.

ఫరహత్‌కి అర్థం కాలేదు. గవర్నర్‌పేటలో ఆ రోజు ఆమె ఎక్కిన ఐదో షాపు అది. మొదటి నాలుగు షాపుల్లోనూ కొటేషన్ అడిగితే ఒకదాని కింద ఒకటి రాస్తూ పోయారే గానీ, ఎవరూ ఏదీ కొట్టేయలేదు. ఇతను మాత్రం ఆ నాలుగు కాయితాలూ ముందు పరుచుకుని, తప్పులు దిద్దే మాస్టారిలా పెన్ను ఝళిపిస్తున్నాడు.

"ఏమండీ, మీరు కంప్యూటర్లు అమ్మడానికి కూర్చున్నారా, కొనొద్దని చెప్పడానికి కూర్చున్నారా?"

"పెళ్ళికార్డులు డిజైన్ చేస్తామన్నారు కదండీ. పెళ్ళికార్డు పాట పాడుతుందా?"

"పాడదు."

"మరి స్పీకర్లెందుకు?"

పక్కనే కూర్చున్న వాళ్ళ నాన్న అబ్దుల్ రవూఫ్ మీసాల్లో నవ్వుకున్నాడు. ఆయన నవ్వడం ఈ మధ్య అరుదే.

రెండువేల ఒకటో సంవత్సరం జూలై నెల. మేడ మీద, రెండు మంచాలు పట్టేంత షాపు. కింద వీధిలో ఆటోలు వాన నీళ్ళు చిమ్ముకుంటూ పోతున్నాయి. అఫ్రాజ్ అన్నిటికీ గీతలు పెట్టి, ఒక్క యూపీఎస్ దగ్గర మాత్రం ఉన్నదానికంటే ఖరీదైనది రాశాడు.

"దీనికొక్కదానికి పిసినారితనం వద్దండీ. కరెంటు పోయిందంటే, మీరు పొద్దుటినుంచీ డిజైన్ చేసిన కార్డు కూడా దానితోపాటే పోతుంది. మెమరీ ఇప్పటికి ఒక్క పట్టీ చాలు. పక్కన స్లాట్ ఖాళీగా ఉంటుంది, రేటు తగ్గాక ఇంకోటి వేసుకోవచ్చు."

"బాబూ," అన్నాడు రవూఫ్ మెల్లగా. "మానిటర్ దగ్గర ఆరు వేల రెండొందలని రాసి, కింద మొత్తంలో ఆరు వేల ఎనిమిదొందలు కలిపావు."

అఫ్రాజ్ ఉలిక్కిపడి చూసుకున్నాడు. నిజమే. కాని కాయితం తనవైపు తిరిగి ఉంది. ఆయన బల్లకి అవతలి పక్క కూర్చున్నాడు.

"చాచా, మీరు అటునుంచి చదివారా? తలకిందులుగా?"

"నలభై ఏళ్ళు కంపోజింగ్ చేశాను నాయనా. సీసపు అక్షరాలు తలకిందులుగానే పేర్చాలి. ఏది నిటారుగా ఉందో, ఏది తిరగబడి ఉందో నా కళ్ళు పట్టించుకోవడం ఎప్పుడో మానేశాయి."

"ఇంట్లో పేపరు ఇద్దరం ఒకేసారి చదువుతాం," అంది ఫరహత్. "ఇటునుంచి నేను, అటునుంచి మా అబ్బా. ఎవరూ ఎవరికోసం ఆగక్కర్లేదు."

అఫ్రాజ్ నవ్వాడు. ఆమె నవ్వలేదు. కాయితం మడిచి పర్సులో పెట్టుకుంటూ చెప్పింది.

"ఇది మా ట్రెడిల్ అచ్చుమిషన్ అమ్మిన డబ్బండీ. సీసపు అక్షరాల పెళ్ళికార్డులు ఇప్పుడెవరూ అడగడం లేదు. ఈ కంప్యూటర్ సరిగ్గా పనిచేయకపోతే, అమ్ముకోడానికి మా దగ్గర ఇంకో మిషన్ లేదు."

అఫ్రాజ్ మొహంలో నవ్వు పోయింది. కాసేపు పెన్ను మూత పెడుతూ తీస్తూ ఉండి, "పదిహేను రోజులు ఆగండి," అన్నాడు. "మెమరీ రేటు దిగుతోంది. ఒకసారి వచ్చి కనుక్కోండి."

వాళ్ళు మెట్లు దిగి వెళ్ళిపోయాక అతను ఆమెకిచ్చినలాంటి విజిటింగ్ కార్డు ఇంకోటి తీసి చూసుకున్నాడు. దాని మీద ఫోన్ నెంబరు పెద్ద అక్షరాల్లో ఉంది. ఫోన్ చేయమంటే సరిపోయేది కదా, వచ్చి కనుక్కోమని ఎందుకన్నాడు? అతనికే తెలియలేదు.

వాళ్ళు పదిహేను రోజుల్లో మూడుసార్లు వచ్చారు. వచ్చినప్పుడల్లా వాన. వచ్చినప్పుడల్లా అతను ఇంకో వారం ఆగమన్నాడు.

"అమ్మకుండా తిప్పుతున్నాడంటే వాడి దగ్గర సరుకన్నా లేదు, బుద్ధన్నా లేదు," అని తేల్చేసింది ఫరహత్ మేనత్త బేగం బీ. రవూఫ్ భార్య పోయాక తమ్ముడింటికి వచ్చి, వంటిల్లూ పెత్తనమూ రెండూ తీసుకున్న మనిషి. "బుద్ధి ఉంది ఫుప్పూ, మొదటి లెక్కకి రెండు వేలు తగ్గింది," అని ఫరహత్ వెనకేసుకొచ్చింది. ఎందుకు వెనకేసుకొచ్చిందో ఆమెకీ అర్థం కాలేదు.

ఆగస్టులో ఒక సాయంత్రం కంప్యూటర్ రిక్షా ఎక్కి వన్ టౌన్‌కి వచ్చింది. పంజా సెంటర్ దాటేసరికి జల్లు అందుకుంది. ఉన్నది ఒక్క గొడుగు. ఫరహత్ దాన్ని మానిటర్ పెట్టెకి పట్టింది. గాలికి తిరగబడుతుంటే అఫ్రాజ్ అవతలి పక్కన చేయి వేశాడు. రిక్షాకి చెరో పక్కన నడుస్తూ ఇద్దరూ నిలువునా తడిసి ఇల్లు చేరారు. పెట్టె మీద మాత్రం ఒక్క చుక్క పడలేదు.

గుమ్మంలో బేగం బీ రెండు తువ్వాళ్ళతో నిలబడి ఉంది. "గొడుగు మనుషుల కోసం చేశారనుకున్నానే ఇన్నాళ్ళూ," అంది.

కంప్యూటర్ బల్ల కొనలేదు. అక్షరాల కేసులు పెట్టుకునే పాత చెక్క స్టాండు మీదే అమర్చారు. కవరు కూడా కొనలేదు. బేగం బీ పాత పరదా కత్తిరించి కుట్టింది. అఫ్రాజ్ కేబినెట్ మూసి, వెనక అతుకు మీద చిన్న తెల్ల స్టిక్కరు అంటించి, తేదీ వేసి సంతకం పెట్టాడు.

"ఇది సీలు. ఇది చిరిగితే వారంటీ పోయినట్టే. నేను తప్ప ఎవరూ తెరవకూడదు. ఏ ఇబ్బంది వచ్చినా కబురు చేయండి."

మూడు వారాలు ఏ ఇబ్బందీ రాలేదు. తర్వాత ఒక శుక్రవారం మధ్యాహ్నం కంప్యూటర్ ఆన్ చేస్తే తెర మీద బొమ్మ రాలేదు. లోపలినుంచి కూ... కూ... మని పొడుగ్గా మూలుగు.

అఫ్రాజ్ స్కూటరేసుకుని వచ్చాడు. స్టిక్కరు తీసి, మూత తెరిచి, మెమరీ పట్టీకి రెండు చివరలా క్లిప్పులు నొక్కి పైకి లాగాడు. జేబులోంచి పిల్లలు బడికి తీసుకెళ్ళే రబ్బరు తీసి, పట్టీ అంచున బంగారు రంగు గీతల మీద రుద్దాడు. మళ్ళీ దిగ్గొట్టాడు. కంప్యూటర్ లేచి కూర్చుంది.

"అంతేనా?" అంది ఫరహత్. "ఇన్ని వేలు పోసి కొన్నదానికి రూపాయి రబ్బరు వైద్యమా?"

"దుమ్మండీ. రైసు మిల్లు పక్క సందు కదా."

"ఫీజెంత డాక్టరుగారూ?"

"టీ ఇస్తే చాలు."

టీ వచ్చింది. తాగేలోపు ఇంకేవో మాటలు వచ్చాయి. కొత్త సీలు అంటించి వెళ్ళిపోయాక చూస్తే రబ్బరు బల్ల మీదే మర్చిపోయాడు.

మరో రెండు వారాలకి, శుక్రవారం, మళ్ళీ కూ... కూ... మళ్ళీ స్కూటరు, రబ్బరు, టీ. ఈసారి అతని మొహంలో నవ్వు లేదు. పట్టీ శుభ్రంగానే ఉంది. కానీ స్లాట్‌లోంచి ఒక చివర కొద్దిగా లేచి ఉంది. తను వదులుగా పెట్టాడా? పెట్టడే!

ఆ తర్వాతి శుక్రవారం కూడా అదే. అఫ్రాజ్ ఓల్టేజి చూసే మీటరు తెచ్చాడు. శుక్రవారం పూట ఈ వీధిలో కరెంటు తేడాగా వస్తుందా అని లైన్‌మన్‌ని అడిగాడు. లైన్‌మన్ అతన్ని ఎగాదిగా చూసి, "జ్వరమేమన్నా ఉందా అండీ?" అన్నాడు.

"కంప్యూటర్‌కి కూడా జుమ్మా సెలవు కావాలేమో," అని బేగం బీ వంటింట్లోంచి అంది.

ఆ సాయంత్రం అఫ్రాజ్ గుమ్మంలో చెప్పులేసుకుంటూ గొంతు తగ్గించి అడిగాడు. "ఫరహత్ గారూ, ఏమనుకోకండి. మూత మీరేమన్నా తెరుస్తున్నారా?"

"నేనా? నాకేం పని? మీరే వదులుగా పెట్టి వెళ్తున్నారేమోనని నాకనుమానం."

"నేనెందుకు వదులుగా పెడతానండీ?"

"అది మీకే తెలియాలి," అని ఆమె తలుపు వెనక్కి తప్పుకుంది. ఆమె అన్న తీరులో కోపం ఉందో, ఇంకేదన్నా ఉందో అతనికి తెలియలేదు. కాలువ వంతెన మీద స్కూటరు నెమ్మది చేసి ఆలోచించాడు. వెనక బస్సు హారన్ కొడితే పక్కకి తప్పుకున్నాడు.

కంప్యూటర్‌కి బీమా చేయిద్దామని పిలిచిన ఇన్సూరెన్స్ ఏజెంటు వెంకటకృష్ణారావు గారు నిజానికి శనివారం రావాలి. పక్క వీధిలో పని తొందరగా అయిపోయిందని శుక్రవారమే వచ్చేశారు. ఆయన సంచీలోంచి ఫారాలు తీస్తుండగానే ఫరహత్ కంప్యూటర్ ఆన్ చేసింది.

కూ... కూ...

"ఇదేంటమ్మా, పాలసీ అనగానే ఏడుస్తోంది?" అన్నారాయన.

మూలన స్టూలు మీద కూర్చున్న రవూఫ్ గొంతులో టీ అడ్డంపడింది. ఫరహత్ వీధి చివరికి వెళ్ళి అఫ్రాజ్‌కి ఫోన్ చేసి వచ్చింది. అతను వచ్చేలోపు వెంకటకృష్ణారావు గారు ఓపిగ్గా లెక్క చెప్పారు. కంప్యూటర్‌కి విడిగా, ఇంటికి విడిగా చేస్తే ప్రీమియం ఎక్కువ. రెండూ ఒకే పాలసీలో కలిపితే మూడో వంతు మిగులుతుంది. నిప్పు, వరద, దొంగతనం అన్నీ వస్తాయి. ఇది కంపెనీ పెట్టెలో వచ్చింది కాదు, విడిభాగాలు కూర్చి కట్టింది కాబట్టి, ఆఫీసువాళ్ళు ఒక్క సర్టిఫికెట్ అడుగుతారు. అమ్మినతను సంతకం పెడితే చాలు.

అఫ్రాజ్ వానలో తడిసి వచ్చాడు. గుమ్మంలో అడుగుపెట్టగానే ఆయన కాయితం చేతికిచ్చారు. "ఈ కంప్యూటరు సక్రమంగా పనిచేయుచున్నదనియు, ఎట్టి లోపమును లేదనియు ధ్రువీకరించుచున్నాను" అని ఉంది.

అతను రెండుసార్లు చదివాడు. బల్ల మీద పెట్టేశాడు.

"నేను పెట్టలేనండీ."

"అదేంటి బాబూ? అందరూ పెట్టేదే," అన్నారు వెంకటకృష్ణారావు గారు.

"లోపం ఉందండీ. ఏమిటో నాకు తెలియడం లేదు. తెలియకుండా లేదని ఎలా రాయను? రేపు దీనివల్ల ఏ నష్టమో వస్తే, ఈ కాయితం చూపించి ఆఫీసువాళ్ళు వీళ్ళకి డబ్బు ఇవ్వం పొమ్మంటారు."

ఫరహత్ మొహం పాలిపోయింది. "మీకే నమ్మకం లేని మిషన్ మాకెలా అమ్మారండీ?"

"అమ్మినప్పుడు నమ్మకం ఉందండీ."

"ఇప్పుడు?"

అఫ్రాజ్ తడిసిన జుట్టు నుంచి నీళ్ళు కాయితం మీద పడుతుంటే దాన్ని పక్కకి జరిపాడు.

"దీన్ని తీసుకెళ్ళిపోతాను. మీ డబ్బు మొత్తం తిరిగిచ్చేస్తాను. వారం టైమివ్వండి," అన్నాడు చివరికి.

ఆ వారంలో అతనికి అంత డబ్బు ఎక్కణ్ణించి వస్తుందో ఎవరూ అడగలేదు. అతని షాపులో ఉన్నదంతా అమ్మినా ఒక్క కంప్యూటర్ ఖరీదు రాదని మొన్న అతను టీ తాగుతూ నవ్వుతూ చెప్పిన సంగతి రవూఫ్‌కి మాత్రం గుర్తొచ్చింది.

"ఫరహత్, ఒక్క మాట..." అన్నాడాయన.

"వద్దబ్బా. తీసుకెళ్ళనివ్వండి. డబ్బు మాట కాదు. శుక్రవారం శుక్రవారం ఈయనొచ్చి బాగు చేస్తుంటే నేను... సరే, పోనివ్వండి. తీసుకెళ్ళండి."

అఫ్రాజ్ మోకాళ్ళ మీద కూర్చుని వైర్లు విప్పడం మొదలుపెట్టాడు. ఇంతకు ముందెప్పుడూ ఆ వెనకవైపు తీరిగ్గా చూసింది లేదు. స్క్రూడ్రైవర్‌తో సీలు చింపి తెరిచేయడమే అలవాటు. ఇవాళ తెరిచే పని లేదు. చేతులు మెల్లగా కదులుతున్నాయి. ఒక వైరు విప్పి ఆగిపోయాడు.

"ఈ స్టిక్కరు తలకిందులుగా ఉందేంటి?"

అందరూ వంగి చూశారు. నిజమే. తేదీ, సంతకం కాళ్ళు పైకెత్తి నిలబడి ఉన్నాయి.

రవూఫ్ కళ్ళజోడు సర్దుకుని, తనూ వంగి, జాగ్రత్తగా పరీక్షించి, "బానే ఉందిగా," అన్నాడు.

బయట చూరు నుంచి పడే నీళ్ళ చప్పుడు.

ఫరహత్ మెల్లగా తండ్రివైపు తిరిగింది. ఈ ఇంట్లోనే కాదు, వన్ టౌన్ మొత్తమ్మీద ఆ స్టిక్కరు నిటారుగా కనిపించే కళ్ళు ఇంకెవరికీ లేవు.

"అబ్బా!"

రవూఫ్ కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు.

"మొదటిసారి దానంతటదే ఆగిందమ్మా. ఒట్టు."

"తర్వాత?"

"తర్వాత... ఇతను చేస్తుంటే చూశాను కదా. రెండు పక్కలా నొక్కితే పట్టీ లేస్తుంది. పెద్ద విద్యేం కాదు. సీలు అంటావా, తడిగుడ్డ ఒక్క నిమిషం పెట్టి, అక్షరాలు తీసే చిమటాతో అంచు పట్టుకుంటే చిరక్కుండా ఎంత చక్కగా వస్తుందనుకున్నావ్..."

"గొప్పగా చెప్తున్నావేంట్రా!" అంది బేగం బీ.

"పని ఉన్న రోజు ముట్టుకోలేదు ఆపా," అన్నాడాయన అక్కతో. "శుక్రవారం ఎలాగూ ఖాళీయే కదా అని."

"ఎందుకబ్బా?" ఫరహత్‌కి ఏడుపూ కోపమూ కలిసి వస్తున్నాయి.

ఆయన కాసేపు జోడునే తుడిచాడు.

"మొదటి శుక్రవారం ఇతను వెళ్ళాక నువ్వు టీ గ్లాసులు కడుగుతూ పాట పాడావు. మీ అమ్మీ పోయాక ఈ ఇంట్లో అది మొదటిసారి. రెండేళ్ళయింది. నేను ఇక్కడ స్టూలు మీద కూర్చుని, అయిపోయేదాకా కదలకుండా విన్నాను. కదిలితే ఆపేస్తావేమోనని." జోడు పెట్టుకున్నాడు. "ఇంకోసారి వినాలనిపించింది. తర్వాత ఇంకోసారి. ఇంత దూరం వస్తుందనుకోలేదమ్మా. నాకు సిగ్గుగా ఉంది."

ఫరహత్ ఓణీ అంచు నోటికి అడ్డం పెట్టుకుంది. వెంకటకృష్ణారావు గారు ఫారాల్లో ఏదో అత్యవసరమైనది వెతకడం మొదలుపెట్టారు.

అఫ్రాజ్ ఇంకా మోకాళ్ళ మీదే ఉన్నాడు. అతని నుదుటి మీద ముడి విడలేదు.

"అయితే చాచా... మెమరీలో ఏ లోపమూ లేనట్టేనా?"

"యా అల్లా!" బేగం బీ నెత్తి కొట్టుకుంది. "ఇంత చెప్పినా ఈయనకి ఇంకా మెమరీ గొడవే!"

ముందు ఫరహత్ నవ్వింది. ఏడుస్తూనే నవ్వింది. ఆ నవ్వు విన్నాక అఫ్రాజ్ నుదుటి మీద ముడి కొద్దికొద్దిగా విడి, చెవులు ఎర్రబడ్డాయి.

"నీ దగ్గర తప్పు చేశాను నాయనా," అన్నాడు రవూఫ్. "ఆ కాయితం మీద నువ్వు సంతకం పడేసి ఉంటే ఇవాళ్టికి అందరికీ గడిచిపోయేది. పెట్టలేదు. షాపు అమ్ముకోవాల్సి వస్తుందని తెలిసినా డబ్బిస్తానన్నావు. నా ఇంట్లో అడుగుపెట్టే మనిషి ఎలాంటివాడని ఇంక నేను ఎవర్నీ అడిగే పని లేదు."

బేగం బీ అక్షరాల కేసు ఒకటి బయటికి లాగింది. "ఇంట్లో దొంగ ఒక్కడే కాదులే. ఇది కూడా చూడండి." చిన్న చిన్న గళ్ళలో సీసపు అక్షరాలు వరసగా ఉన్నాయి. ఒక్క గడిలో మాత్రం అక్షరాలు లేవు. మూడు రబ్బర్లు ఉన్నాయి.

"నా రబ్బర్లు!" అన్నాడు అఫ్రాజ్. "ప్రతిసారీ కొత్తది కొంటున్నాను. ఎక్కడ పోతున్నాయో తెలియక..."

"పారేస్తామా మరి? రూపాయి వస్తువు," అంది ఫరహత్ నేల చూస్తూ.

"అడిగితే ఇచ్చేవారు కదా?"

"మీరు అడగలేదుగా."

అతను లేచి నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. "నేనూ ఒకటి చెప్పాలండీ. మెమరీ రేటు తగ్గిందో లేదో ఫోన్లో కూడా చెప్పొచ్చు. మిమ్మల్ని మూడుసార్లు మేడెక్కించాను."

"కార్డు మీద నెంబరు ఉందని నాకు తెలియదనుకున్నారా?" అంది ఫరహత్. "మూడుసార్లూ పర్సులోనే ఉంది."

వెంకటకృష్ణారావు గారు ఇక ఆగలేక దగ్గారు. "బాబూ, ఇంతకీ లోపం తేలినట్టేనా? తేలితే సంతకం పెడతావా? వాన తగ్గేలా ఉంది."

అఫ్రాజ్ ముందు మూత తెరిచి, పట్టీ సరిగా దించి, ఆన్ చేసి, తెర మీద సగంలో ఉన్న పెళ్ళికార్డు కనిపించాకే సంతకం పెట్టాడు. ఆయన సర్టిఫికెట్ మడిచి సంచీలో పెట్టుకున్నారు.

"పెద్దవాళ్ళని తీసుకురా బాబూ, మాట్లాడుకుందాం," అంది బేగం బీ అఫ్రాజ్‌తో. "శుక్రవారం మాత్రం వద్దు. శుక్రవారం ఈ ఇంట్లో ఏదీ సరిగ్గా పనిచేయదు."

కొత్త స్టిక్కరు రాసి అఫ్రాజ్ దాన్ని రవూఫ్ చేతికిచ్చాడు. "మీరే అంటించండి చాచా."

ఆయన చిమటాతో అంచు పట్టుకుని, అతుకు మీద సరిగ్గా ఆనించి, బొటనవేలితో మెల్లగా రాసి, వెనక్కి జరిగి తృప్తిగా చూసుకున్నాడు.

మళ్ళీ తలకిందులుగానే ఉంది. ఫరహత్, అఫ్రాజ్ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"బానే ఉందిగా?" అన్నాడు రవూఫ్.

"చాలా బాగుంది," అన్నారు ఇద్దరూ ఒకేసారి.